పిల్లలతో విదేశానికి: వీసా నుంచి మొదటి బడి రోజు దాకా

వీసా స్టాంపు పడింది. టికెట్లు బుక్ అయ్యాయి. ఆవకాయ, గోంగూర నూనె కారకుండా ప్యాక్ చేసే షాపు ఎక్కడుందో కనుక్కున్నారు. పెట్టె 23 కిలోలు దాటుతుందేమోనని రోజుకోసారి తూస్తున్నారు. బంధువుల ఇళ్ళలో భోజనాలు అవుతున్నాయి. అంతా బాగుంది. మరి మీ నాలుగేళ్ళ పాపకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

చాలా ఇళ్ళలో వచ్చే జవాబు ఒక్కటే: "దానికేం తెలుస్తుందండీ, చిన్నపిల్ల." ఆ చిన్నపిల్లకు చాలానే తెలుసు. అటక మీది పెట్టెలు కిందికి దిగాయి. నాయనమ్మ వంటింట్లో కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. అమ్మానాన్న గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, తను రాగానే ఆపేస్తున్నారు. ఏదో జరగబోతోందని పాపకు అర్థమైంది. అదేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మనం దేశం మారుతున్నాం అనుకుంటాం. ఐదారేళ్ళ లోపు పిల్లలకు దేశమంటే ఏమిటో తెలియదు. పొద్దున్నే ఎవరు లేపుతారు, పాలు ఏ గ్లాసులో ఇస్తారు, మధ్యాహ్నం ఎవరి పక్కన పడుకోవాలి, బాత్రూం వస్తే ఎవరిని పిలవాలి, వాళ్ళ ప్రపంచం ఇదే. ఇవన్నీ ఒక్క రోజులో మారిపోతే పిల్లలు మొండికేస్తారు, తిండి మానేస్తారు, మళ్ళీ పక్క తడుపుతారు. అందుకే ఈ అధ్యాయంలో ప్రతి సలహా వెనకా ఒకే ఆలోచన ఉంది: పిల్లల దినచర్యలో మారక తప్పనివాటిని ఇక్కడున్నప్పుడే అలవాటు చేయండి, మార్చక్కర్లేనివాటిని అలాగే వెంట తీసుకెళ్ళండి.

ఉదాహరణలకు అమెరికాను, అందులోనూ మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లోని డాలస్ ప్రాంతాన్ని తీసుకున్నాను. మీరు వెళ్ళేది లండన్‌కో మెల్‌బోర్న్‌కో అయితే నిబంధనలు మారతాయి, వాటిని అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకోండి. పిల్లల సంగతి మాత్రం ఎక్కడైనా ఇంతే.

మూడు నెలల ముందు: కాగితాలు, టీకాలు

1. పేరు అన్నిచోట్లా ఒకేలా ఉందా?

మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇది. జనన ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివరికి చేరుతుంది. కొందరి జనన పత్రంలో ఇప్పటికీ తల్లి పేరు రాసి 'బేబీ ఆఫ్' అనే ఉంటుంది, పేరు చేర్పించడం ఎవరికీ గుర్తుండదు. మున్సిపాలిటీ నుంచి బిడ్డ పేరుతో ఇంగ్లిష్‌లో పత్రం తీసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి రెండూ నిండి ఉండేలా చూసుకోండి. ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని, అంటే పేరు తెలియదని పడుతుంది. తర్వాత బడిలోనూ ఆసుపత్రిలోనూ ఇన్సూరెన్స్‌లోనూ మీ బంగారు తల్లిని అదే పేరుతో పిలుస్తారు. వీసాకు దరఖాస్తు చేయకముందే ఈ పని తేలిక.

2. పాస్‌పోర్టు గడువు చూశారా?

పెద్దల పాస్‌పోర్టుకు పదేళ్ళ గడువు, పిల్లలదానికి ఐదేళ్ళే. అమెరికాలో దిగినప్పుడు మీరు ఎప్పటివరకు ఉండవచ్చో ఐ-94 అనే రికార్డులో తేదీ నమోదవుతుంది. పాస్‌పోర్టు గడువు ముందే ముగిసిపోతుంటే ఆ తేదీని కూడా అక్కడికే కుదించడం మామూలు. తండ్రికి మూడేళ్ళ తేదీ వచ్చి, పాపకు ఏడు నెలలకే వచ్చిందనుకోండి. ఎవరూ చూసుకోకపోతే ఎనిమిదో నెలలో పాప గడువు దాటి ఉన్నట్టే లెక్క. రెండు జాగ్రత్తలు చాలు. ఏడాది లోపు గడువున్న పిల్లల పాస్‌పోర్టును ఇక్కడే రెన్యూ చేయించండి. దిగిన వారంలోపు ఇంట్లో ప్రతి ఒక్కరి ఐ-94నూ ఆన్‌లైన్‌లో విడివిడిగా తీసి చూడండి.

3. టీకాల కార్డును డాక్టర్‌తో చదివించండి

"అన్ని టీకాలూ వేయించామండీ" అంటారు. నిజమే, మన పట్టిక ప్రకారం వేయించారు. అమెరికా బడి అడిగే పట్టిక వేరు. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చేది ఎంఆర్ టీకా, అంటే తట్టుకు, రుబెల్లాకు. అక్కడ అడిగేది గవదబిళ్ళలను కూడా కలిపిన ఎంఎంఆర్. పైగా మొదటి పుట్టినరోజుకు ముందు, అంటే తొమ్మిదో నెలలో వేసినదాన్ని అక్కడ లెక్కలోకి తీసుకోరు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు, అక్కడ తప్పనిసరి. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌కు హెపటైటిస్-ఎ కూడా కావాలి.

ఇంకో సంగతి. ఎంఎంఆర్, ఆటలమ్మ వంటి సజీవ టీకాలను ఒకేరోజు వేయకపోతే మధ్యలో కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. ప్రయాణానికి పది రోజుల ముందు గుర్తొస్తే కుదరదు. కాబట్టి మూడు నెలల ముందే అక్కడి బడి పట్టికను ప్రింట్ తీసుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తేదీలు, టీకాల పేర్లు ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ కార్డు పెద్ద పెట్టెలో పెట్టకండి. చేతిసంచిలో ఉండాలి, ఫొటో ఫోనులో ఉండాలి.

నెల రోజుల ముందు: బిడ్డకు చెప్పడం

4. మూడు మాటల్లో చెప్పండి, ముప్పైసార్లు చెప్పండి

మరీ ముందు చెబితే రోజూ "ఇవాళేనా?" అని అడుగుతారు. ముందురోజు చెబితే బెదిరిపోతారు. మూడు నాలుగు వారాల ముందు సరిపోతుంది. చెప్పాల్సినవి మూడే: ఎక్కడికి వెళ్తున్నాం, ఎవరెవరం వెళ్తున్నాం, ఎవరు ఇక్కడే ఉంటారు. ఉదాహరణకు: "మనం విమానం ఎక్కి నాన్న ఆఫీసు ఉన్న ఊరికి వెళ్తాం. నువ్వు, నేను, నాన్న ఒకే ఇంట్లో ఉంటాం. అమ్మమ్మా తాతయ్యా ఇక్కడే ఉంటారు, మనం రోజూ ఫోనులో చూసుకుంటాం."

ఇంతకంటే పెద్ద వివరణ అక్కర్లేదు. మూడోది చెప్పడానికే నోరు రాదు, కానీ అదే ముఖ్యం. అది దాచిపెడితే బిడ్డ విమానం దిగాక "అమ్మమ్మ ఏది?" అని అడుగుతుంది. అప్పుడేం చెబుతారు?

5. ఈ మాటలు అనకండి

- "రెండు రోజుల్లో వచ్చేద్దాం." పిల్లలు రోజులు లెక్కపెట్టలేకపోవచ్చు, మాట తప్పారన్నది మాత్రం గుర్తుపెట్టుకుంటారు.
- "అక్కడ రోజూ పార్కులు, బోలెడు బొమ్మలు." మొదటి నెల ఉండేది ఖాళీ అపార్ట్‌మెంటు, నేలమీద పరుపు.
- "అల్లరి చేస్తే నిన్ను ఇక్కడే వదిలేసి వెళ్తాం." మామూలు రోజుల్లో ఉత్త బెదిరింపు. పెట్టెలు సర్దుతున్న ఇంట్లో బిడ్డ దాన్ని నమ్ముతుంది.
- "అక్కడ టీచర్లు కొడతారు, పోలీసులు పట్టుకుపోతారు." రేపు బిడ్డ తప్పిపోతే సాయం అడగాల్సింది వాళ్ళనే.

6. వీడ్కోలు ఇంట్లోనే అయిపోవాలి

శంషాబాద్ విమానాశ్రయంలో ద్వారం దగ్గర ఇరవై మంది, ఒకరి తర్వాత ఒకరు పాపను లాక్కుని ముద్దులు, ఏడుపులు. పాప బిగుసుకుపోయి అమ్మ మెడను వదలదు. ఆ తర్వాత సెక్యూరిటీ వరుసలో గంటసేపు ఎవరు సముదాయించాలి? పెద్దవాళ్ళకు ముందే నెమ్మదిగా చెప్పండి: "అత్తయ్యా, మీరు ముందురోజు రాత్రి దానికి గోరుముద్దలు తినిపించి, కథ చెప్పి పడుకోబెట్టండి. విమానాశ్రయంలో నవ్వుతూ పంపండి." వాళ్ళ బాధ చిన్నదేమీ కాదు. అందుకే వాళ్ళకూ ఒక పని కావాలి. రోజూ ఫోనులో కథ చెప్పే బాధ్యత నాయనమ్మదని ముందే అప్పజెప్పండి.

7. ఒక పాత వస్తువు ఉతక్కుండా తీసుకెళ్ళండి

కొత్త బొమ్మలు అక్కడ దొరుకుతాయి. నాయనమ్మ పాతచీరతో కుట్టిన బొంత దొరకదు. బిడ్డ రోజూ పడుకునే దుప్పటి, మూల నలిగిపోయిన దిండుగలీబు, పాలు తాగే గ్లాసు, వీటిలో ఏది కావాలో బిడ్డనే ఎంచుకోనివ్వండి. దాన్ని ఉతకకండి. కొత్త గదిలో మొదటి రాత్రి ఆ వాసనే నిద్రపుచ్చుతుంది.

ఇక్కడే నేర్పాల్సిన నాలుగు పనులు

ప్రయాణం కుదరగానే చాలామంది ఇంగ్లిష్ రైమ్స్ మొదలుపెడతారు. రంగుల పేర్లు, జంతువుల పేర్లు బట్టీ పట్టిస్తారు. అక్కడి ప్రీస్కూల్లో మొదటి రోజు మీ బిడ్డకు 'జిరాఫీ' అనడం రాకపోయినా పర్వాలేదు. కింద చెప్పినవి రాకపోతేనే కష్టం.

8. కాగితంతో తుడుచుకోవడం

ఇది చెప్పడానికి మొహమాటపడతారు గానీ, బడి మొదటి వారంలో మన పిల్లలు ఎక్కువగా ఏడ్చేది ఇక్కడే. అక్కడి బడి బాత్రూంలో చెంబు ఉండదు, పైపు ఉండదు, కడిగే ఆయా ఉండదు. ఐదేళ్ళ బాబు పని ముగించుకుని, ఇంట్లో అలవాటైనట్టు "అయిపోయిందీ..." అని కేకేస్తాడు. ఎవరూ రారు. వచ్చినా కడగరు. సిగ్గుతో ఆ రోజంతా కదలకుండా కూర్చుంటాడు, మర్నాటి నుంచి బడిలో బాత్రూంకే వెళ్ళడు, నీళ్ళు తాగడం మానేస్తాడు.

నెల రోజుల ముందు ఒక టాయిలెట్ రోల్ కొని ఇలా అలవాటు చేయండి. నాలుగు ముక్కలు చింపాలి. ఉండ చుట్టకుండా మడవాలి. ముందు నుంచి వెనక్కి తుడవాలి, ఆడపిల్లలకు ఈ దిశ మరీ ముఖ్యం. కాగితం చూసుకోవాలి. శుభ్రంగా వచ్చేదాకా కొత్త కాగితంతో మళ్ళీ చేయాలి. ఫ్లష్ కొట్టి, సబ్బుతో 20 లెక్కపెట్టేదాకా చేతులు కడుక్కోవాలి. మొదట మీరు పక్కన నిలబడండి, తర్వాత తలుపు బయట నిలబడండి. ఇంట్లో నీళ్ళ అలవాటు అలాగే ఉంచుకోవచ్చు. బయట ఎలాగో తెలిస్తే చాలు.

9. తన చేత్తో తను తినడం

టీవీ ముందు కూర్చోబెట్టి, వెనకాలే తిరుగుతూ ముద్దలు పెట్టి గంటలో ముగించే భోజనం అక్కడి బడిలో కుదరదు. భోజనానికి దొరికేది కాస్త సమయమే. ఆ కాస్తలోనే డబ్బా మూత తెరవాలి, తినాలి, మూత పెట్టాలి. బిగుతుగా ఉండే స్టీలు డబ్బా కాకుండా, బిడ్డ సొంతంగా తీయగలిగేది కొని ఇక్కడే సాధన చేయించండి. రోజూ ఒక పూటైనా, సగం కిందపోసుకున్నా, తననే తిననివ్వండి.

10. చెప్పులు, జిప్పు, కోటు

డాలస్‌లో ఎండలు మన దగ్గరలాగే మండుతాయి, చలికాలంలో కొన్ని రోజులు గడ్డకట్టే చలి ఉంటుంది. లేసులు లేని బూట్లు కొనండి. జిప్పు పైకి లాగడం, కోటు సొంతంగా తొడుక్కోవడం ఆటగా నేర్పండి.

11. నాలుగే నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు

"ఐ నీడ్ రెస్ట్‌రూమ్." "వాటర్ ప్లీజ్." "హెల్ప్ మీ." "ఇట్ హర్ట్స్ హియర్." వీటికి తోడు తన పూర్తి పేరు, అమ్మానాన్నల పేర్లు. ఇవి నోటికి వచ్చేస్తే మిగతా ఇంగ్లిష్‌ను బడి చూసుకుంటుంది.

ప్రయాణం రోజు

12. విమానంలో బతికి బట్టకట్టడం ఎలా?

హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఒక్క దుబాయ్-డాలస్ విమానమే దాదాపు 16 గంటలు. కాబట్టి టికెట్ కొనేటప్పుడు ఐదారు వేలు మిగులుతున్నాయని మధ్యలో గంటన్నర ఎడమున్నది కొనకండి. పిల్లలతో పరుగెత్తలేరు. మూడు నాలుగు గంటలైతే కాళ్ళు చాపుకోవచ్చు, డైపర్ మార్చుకోవచ్చు.

- నెలల బిడ్డ ఉంటే ఊయల తొట్టె ఉండే ముందువరుస సీటును టికెట్ కొన్నరోజే ఫోన్ చేసి అడగండి. బరువు పరిమితి ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది.
- బిడ్డకు రెండు జతల బట్టలు, మీకు ఒక జత చేతిసంచిలో పెట్టండి. వాంతి అయ్యేది ఎక్కువగా మీ మీదే.
- విమానం దిగేటప్పుడు చెవులు నొప్పిపుడతాయి. అప్పుడు పాలో నీళ్ళో గుటకలు వేయించండి, నిద్రపోతుంటే లేపండి.
- నిద్ర పుచ్చడానికి దగ్గు మందు, జలుబు మందు పట్టకండి. ఎవరు చెప్పినా సరే.
- ఇంటి తిండి అంటే మరమరాలు, చెగోడీలు, చపాతీ చుట్టలు సరిపోతాయి. సాంబారన్నం సాహసం చేయకండి.

పెట్టెల విషయంలో రెండు హెచ్చరికలు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు దాని మీద ఉంటుందని. గసగసాలు యూఏఈలో నిషేధం. దుబాయ్ మీదుగా వెళ్తూ మసాలా పొట్లంలో వాటిని పెట్టుకోవద్దని అత్తగారికి, అమ్మకు ఇద్దరికీ చెప్పండి. తెచ్చిన తినుబండారాలను కస్టమ్స్ ప్రశ్నలో దాచకుండా చెప్పేయండి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు. దాస్తే జరిమానా పడుతుంది.

మొదటి పది రోజులు

13. కారు సీటు విమానాశ్రయానికే రావాలి

మిమ్మల్ని తీసుకెళ్ళడానికి స్నేహితుడు వస్తాడు. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెళ్దామనుకుంటారు. అక్కడ కుదరదు. టెక్సస్ చట్టం ప్రకారం 8 ఏళ్ళ లోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితే తప్ప, వయసుకు తగిన సీటులోనే కూర్చోవాలి. ఇండియాలో కొన్నది తీసుకెళ్ళకండి, అమెరికా ప్రమాణాల ముద్ర ఉన్న సీటు కావాలి. అక్కడే ఆర్డర్ పెట్టి స్నేహితుడి ఇంటికి తెప్పించండి. ఎవరో వాడినది ఇస్తామంటే, దానికి ప్రమాదం జరగలేదని తెలిస్తేనే, వెనక చీటీ మీద గడువు తేదీ చూసే తీసుకోండి.

బిడ్డ మొదటిసారి బెల్టులో గింజుకుంటుంది, గుక్కపట్టి ఏడుస్తుంది. "ఈ ఒక్కసారికీ" అని తీయకండి. ఒక్కసారి తీస్తే రేపూ తీయమని ఏడుస్తుంది.

14. నిద్ర తారుమారు

ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అంటే రాత్రి రెండింటికి మీ బాబు లేచి "ఇడ్లీ" అంటాడు. వాడి తప్పేమీ లేదు, వాడి పొట్టకు అది మధ్యాహ్నం. మొదటి వారం ఇలా చేయండి: పొద్దున్నే ఎండలోకి తీసుకెళ్ళండి. పగటి నిద్రను గంటన్నరలో ఆపండి. రాత్రి లేస్తే మసక వెలుతురులో కాస్త పెరుగన్నం పెట్టండి, ఫోను మాత్రం ఇవ్వకండి. భార్యాభర్తలు రాత్రులను పంచుకోండి. ఇద్దరూ మేలుకుంటే మర్నాడు ఇద్దరూ చిరాకుపడతారు.

15. ఇల్లు పరిచయం చేయండి

కొత్త వంటింట్లో మొదటి పోపు వేస్తారు. ఎండుమిరపకాయ ఘాటుకు పైకప్పు మీది స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. పాప హడలిపోయి దుప్పటి కింద దూరుతుంది, తర్వాత నాలుగు రోజులు వంటింటి ఛాయలకు రాదు. వంట మొదలుపెట్టకముందే టెస్ట్ బటన్ నొక్కి ఆ మోత వినిపించండి. "పొగ వస్తే ఇది అరుస్తుంది, మనల్ని కాపాడటానికే" అని చెప్పండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, అప్పుడు పోపు వేయండి.

16. మందులు, ఫోన్ నంబర్లు

మనం పారాసెటమాల్ అనేదాన్ని అక్కడ అసిటమినోఫెన్ అంటారు. మందు ఒకటే, బలం వేరు. మన సిరప్‌లు 5 మిల్లీలీటర్లకు 120, 250 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. అక్కడి పిల్లల సిరప్ 160. ఇక్కడి అలవాటుతో "ఒక చెంచాడు" అని పట్టకండి. బిడ్డ బరువు చెప్పి, ఎన్ని మిల్లీలీటర్లో డాక్టర్‌ను అడగండి.

ఫ్రిజ్ మీద రెండు నంబర్లు అంటించండి. అత్యవసరమైతే 911. బిడ్డ ఏదైనా మందో, శుభ్రం చేసే ద్రవమో మింగితే విష నియంత్రణ కేంద్రం 1-800-222-1222. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో పిల్లల పేర్లు చేర్చడానికి సాధారణంగా 30 రోజుల గడువే ఉంటుంది. మొదటి వారంలోనే చేర్చేయండి, పిల్లల డాక్టర్ దగ్గర మొదటి అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి.

17. "ఐదు నిమిషాల్లో వస్తాగా" అనకండి

మన వీధిలో పిల్లాణ్ణి కారులో కూర్చోబెట్టి పాల ప్యాకెట్ కొనుక్కుని వస్తాం. టెక్సస్‌లో ఏడేళ్ళ లోపు బిడ్డను, 14 ఏళ్ళు నిండిన తోడు లేకుండా ఐదు నిమిషాలకు మించి కారులో వదిలితే అది నేరం. ఆ ఎండలో ప్రాణానికే ముప్పు. కొట్టడం కూడా మానుకోవాలి. బిడ్డ ఒంటిమీద దెబ్బ కనిపిస్తే టీచర్ అధికారులకు తెలపాల్సిందే. "మన పద్ధతి ఇంతే" అంటే ఎవరూ వినరు. పోనీ, ఇంట్లోంచి దెబ్బలు పోవడానికి ఇదొక మంచి సందర్భం అనుకుంటే ఏం పోయింది?

బడి

18. ఇల్లు వెతికేముందు బడి వెతకండి

అక్కడి ప్రభుత్వ బడికి ఫీజు లేదు. ఏ బడి అన్నది మీ ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది. కాబట్టి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ చిరునామా ఏ బడి కిందికి వస్తుందో చూడండి. చేర్చేటప్పుడు అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు, జనన పత్రం, టీకాల కార్డు అడుగుతారు. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్. ఇక్కడ యూకేజీ అయిపోయింది, ఫస్ట్ క్లాసులో వేయండని పట్టుబట్టకండి. తోటి వయసు పిల్లల మధ్య ఉండటమే బిడ్డకు మేలు.

19. 'ఇంటి భాష' గడిలో తెలుగు అని రాయండి

చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే బిడ్డను తక్కువగా చూస్తారేమోనని 'ఇంగ్లిష్' అని రాసేవాళ్ళున్నారు. ఇది ఖరీదైన పొరపాటు. తెలుగు అని రాస్తే బిడ్డకు ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసి, అవసరమైతే ప్రత్యేకంగా నేర్పిస్తారు. అంతేకాదు, టెక్సస్‌లో నాలుగేళ్ళ పిల్లలకు ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోతే కిండర్‌గార్టెన్‌కు ముందుండే ప్రభుత్వ ప్రీ-కే తరగతిలో ఉచితంగా చేరే అర్హత వస్తుంది. ప్రైవేటు డేకేర్ ఫీజులు చూశాక దీని విలువ మీకే తెలుస్తుంది.

20. మాట్లాడకపోతే కంగారు పడకండి

ఇంట్లో వాగుడుకాయ, బడిలో నోరు విప్పడు. టీచర్ నుంచి సందేశం వస్తుంది. మీ గుండె జారుతుంది. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మౌనంగా వింటారు. ఇది మామూలే. "ఇవాళ ఇంగ్లిష్‌లో ఏం మాట్లాడావు?" అని రోజూ నిలదీయకండి. "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు? ఏం ఆడారు?" అని తెలుగులో అడగండి.

టీచర్‌కు మొదటి రోజే చిన్న ఉత్తరం ఇవ్వండి: బిడ్డ పేరు ఎలా పలకాలి, ఏం తినదు, బాత్రూం వస్తే ఇంట్లో ఏమంటుంది, ఏడిస్తే ఎలా ఊరుకుంటుంది. ఇంకొకటి: చాలా తరగతుల్లో పల్లీల అలర్జీ ఉన్న పిల్లలుంటారు. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, పల్లీపొడి కలిపిన అన్నం పంపేముందు బడి నిబంధన కనుక్కోండి.

ఇల్లు, తెలుగు, అమ్మ

బిడ్డకు ఇంగ్లిష్ త్వరగా రావాలని ఇంట్లో కూడా ఇంగ్లిష్ మొదలుపెడతారు కొందరు. అమ్మ తనకు అలవాటు లేని భాషలో ముద్దు చేస్తుంది, కోప్పడుతుంది. రోజంతా బడిలో అర్థంకాని మాటల మధ్య గడిపి వచ్చిన బిడ్డకు కాసేపైనా హాయిగా మాట్లాడుకునే చోటు ఉండొద్దా? ఇంగ్లిష్ ఎలాగూ వస్తుంది. వదిలేస్తే పోయేది తెలుగే, పోయాక నాయనమ్మతో ఫోనులో మాటలు కూడా ఆగిపోతాయి. పిల్లలు కాస్త పెద్దయ్యాక సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన 'మనబడి' వంటి తరగతులు ఉన్నాయి. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడి వంటి చోట్ల తెలుగు మాట్లాడే తోటి పిల్లలు దొరుకుతారు.

ఇక అమ్మ సంగతి. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసా మీద వెళ్ళిన తల్లికి, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంతదూరం వచ్చేదాకా ఉద్యోగం చేసే అనుమతి రాదు. కారు నడపడం రాకపోతే ఇల్లు దాటలేదు. భర్త ఆఫీసుకు, పెద్దాడు బడికి పోతే చిన్నదానితో రోజంతా నాలుగు గోడలు. అమ్మ దిగులుగా ఉంటే బిడ్డ కుదురుకోదు. డ్రైవింగ్ నేర్చుకోవడం మొదటి నెలలోనే మొదలుపెట్టండి. ఊరి గ్రంథాలయంలో కార్డు తీసుకోండి. అక్కడ చిన్నపిల్లలకు ఉచితంగా కథల గంట ఉంటుంది. అమ్మకూ నలుగురు పరిచయమవుతారు, బిడ్డకు ఇంగ్లిష్ చెవిన పడుతుంది. భర్తలకు ఒక మాట: వారాంతాల్లో పిల్లల్ని మీరు చూసుకుని ఆవిడను బయటికి పంపడం సాయం కాదు, మీ వంతు పని.

ఎప్పుడు సాయం అడగాలి?

మొదటి రెండు నెలల్లో మంకుపట్టు, పక్క తడపడం, అమ్మను వదలకపోవడం మామూలే. మూడు నెలలు దాటినా తిండి సరిగా తినకపోతే, నిద్ర కుదరకపోతే, ఆటలు పూర్తిగా మానేస్తే, ఇంట్లో తెలుగులో కూడా మాటలు తగ్గిపోతే పిల్లల డాక్టర్‌కు చెప్పండి. బడిలో కౌన్సెలర్ ఉంటే కలవండి. "దిష్టి తగిలిందేమో" అని మరో మూడు నెలలు వాయిదా వేయకండి. దిష్టి తీస్తే తీయండి, డాక్టర్‌ను కూడా కలవండి.

ఈ వారమే చేయాల్సినవి

ఇరవై సలహాలు చదివి తల తిరుగుతోందా? అన్నీ ఒకేసారి అక్కర్లేదు. ఈ ఆదివారంలోపు ఐదు పనులు చేయండి.

1. బిడ్డ జనన పత్రం, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి పేరు, గడువు సరిచూడండి.
2. టీకాల కార్డు ఫొటో తీసి, పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.
3. ఒక టాయిలెట్ రోల్, బిడ్డ సొంతంగా తెరవగల ఒక తిండి డబ్బా కొనండి.
4. అక్కడున్న స్నేహితుడికి బిడ్డ వయసు, బరువు, ఎత్తు పంపి, కారు సీటు ఆర్డర్ చేయమనండి.
5. ప్రయాణం నెలరోజుల్లోపే ఉంటే, ఈ రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపేసి, బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ మూడు మాటలూ చెప్పండి. వంద ప్రశ్నలు వేస్తుంది. తెలిసినవాటికి జవాబు చెప్పండి, తెలియనివాటికి "వెళ్ళాక చూద్దాం" అనండి. ఐదింటిలో మొదట చేయాల్సింది ఇదే, దీనికి స్లాటు బుక్ చేసుకోనక్కర్లేదు.